పదిహేడో నంబరును చూసినవారు

హైదరాబాదు,
20 జూన్ 1998

ఇస్రాయేలన్నకు,

వజీర సలాములు. అమ్మకు నా దండాలు చెప్పు.

నాలుగేళ్లుగా నువ్వు మర్రిగూడలో ఇల్లిల్లూ తిరిగి, అరవై ఒక్క మంది నడుములూ మోకాళ్లూ కొలిచి పంపిన ఫారాలు వృథా పోలేదు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. మన ఊరి నీళ్లలోని ఫ్లోరైడు మనిషి ఒంట్లో ఏ ఎముకను ముందు పడుతుంది, ఎన్నేళ్లకు ఎంత వంచుతుంది అన్నది ఇప్పుడు కంప్యూటరే లెక్కగట్టి చెబుతున్నది. ఆ పరిశోధన మొత్తాన్ని మొన్న పదిహేనో తారీఖున ఇంటర్నెట్‌లో పెట్టారు. ఏ దేశంలో ఉన్నవాడైనా కంప్యూటర్ ముందు కూర్చుని చూడవచ్చు. పేజీ అడుగున చిన్న అంకెల పెట్టె ఉంది. ఎవరు తెరిచినా అందులో ఒకటి పెరుగుతుంది. ఈ పొద్దుటికి ముప్పై ఏడు.

ఆ పేజీ మీద అమ్మ ఫోటో పెట్టాను. ముఖం కనిపించదు, వంగిన వీపూ కాళ్లూ మాత్రమే. పేరు రాయలేదు, పదిహేడో నంబరు అని రాశాను. అడగకుండా పెట్టానని నువ్వు అలుగుతావని తెలుసు. నన్ను కన్న అమ్మీకి బాలింత జ్వరమొచ్చి పాలు ఎండిపోతే, నిన్ను ఒక పక్కా నన్ను ఒక పక్కా వేసుకుని పాలిచ్చింది సైదమ్మ అమ్మే. మాలో పాలిచ్చిన తల్లి కన్నతల్లితో సమానం. ఆ చనువుతోనే పెట్టాను.

నాది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. పర్మనెంటు చేయడానికి వచ్చే ఏడాది ఆగస్టులో ఇంటర్వ్యూ. ఎంతమంది చూశారన్నది అక్కడ అడుగుతామని మా డైరెక్టరు ముందే చెప్పారు. నెలనెలా ఫారాలు ఆపకు. ముఖ్యంగా పదిహేడుది. గడప నుంచి బోరింగు దాకా ఎన్ని అడుగులు, ఎన్ని నిమిషాలు, కళ్లు మూసుకున్నప్పుడు అరికాలికి చీపురుపుల్ల తగిలితే తెలుస్తున్నదా లేదా, తప్పకుండా రాయి.

నీ చెల్లెలు,
వజీర


మర్రిగూడ,
5 జులై 1998

చెల్లె వజీరకు,

అలిగాను, అయిపోయింది. పంచాయితీ ఆఫీసులో ఫోటో పెట్టడానికే నాయకులు కొట్టుకు చస్తుంటే, మా అమ్మ వీపు దేశాలు తిరుగుతున్నదంటే అలగడానికి నేనెవర్ని?

ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ మొదట అడిగింది ఇది: "గా చూసెటోళ్లు కూసోని చూస్తరా, నిలవడి చూస్తరా?" కుర్చీల్లో కూర్చునే చూస్తారని చెప్పాను. దానికి సంతోషపడింది. తర్వాత, "ముప్పై ఏడుమంది చూసిండ్రు గదా, అండ్ల ఒక్కడన్న డాక్టరుండడా బిడ్డా?" అన్నది. దీనికి జవాబు నువ్వే రాయి.

మా మలేరియా డ్యూటీలో ప్రతి ఇంటి గోడ మీదా గడులు గీసి ఉంటాయి, నీకు తెలుసు. ఇంటికి పోయినప్పుడల్లా గడిలో తారీఖు వేసి సంతకం పెట్టాలి. మా సూపర్‌వైజర్ దశరథం సారు వచ్చి గోడను చూస్తాడు, లోపలి మనిషిని చూడడు. ఎండ దంచుతున్నప్పుడు లోపలికి పోకుండానే తారీఖు వేసి వచ్చిన ఇళ్లు నాకూ ఉన్నాయి. నీకు కాబట్టి చెబుతున్నాను. నీ అంకెల పెట్టె కూడా అట్లాంటి గోడేనా, లేక గడప దాటి లోపలికి వచ్చినవాళ్లనే లెక్కపెడుతుందా?

అయినా అమ్మ పోరు పడలేక మా ఇంటి గోడ మీద ఆ గడుల పక్కన బొగ్గుతో 37 అని రాశాను. ఇక నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా తుడిచి కొత్త అంకె వేయాలట. వాడకట్టు వాళ్లు వచ్చి చూసి పోతున్నారు. భీమయ్య తాత తన నంబరు ఎంతని అడిగాడు. నలభై మూడు అని చెబితే, తన ఫోటో ఎందుకు పెట్టలేదని నీ మీద కోపం తెచ్చుకున్నాడు.

పదిహేడో నంబరు ఫారం ఇందులో ఉంది. నలభై ఆరు అడుగులు, నాలుగు నిమిషాలు. ఎడమ అరికాలు కొద్దిగా మొద్దుబారింది. దీనికి మందేమైనా ఉందా అడిగి రాయి.

నీ అన్న,
ఇస్రాయేలు


హైదరాబాదు,
14 సెప్టెంబరు 1998

ఇస్రాయేలన్నకు,

నాలుగు వందల పన్నెండు. గోడ మీద వేయి. అమ్మకు చెప్పు, జపాన్ నుంచి కూడా చూశారు.

మందు గురించి అడిగావు. ఫ్లోరైడుకు మందు లేదు, ఇది నీకు కొత్త సంగతి కాదు. అమ్మను ఊరికే దవాఖానల చుట్టూ తిప్పకు. ఒకడు కాల్షియం రాస్తాడు, ఒకడు నూనె రాస్తాడు, ఒకడు నడుముకు పట్టా కడతాడు. మధ్యలో ఇవన్నీ వచ్చి చేరితే కొలతలు చెడిపోతాయి. నాలుగేళ్ల పని. ఒక్క ఏడాది ఓపిక పట్టు.

చూసినవాళ్లలో డాక్టర్లు కూడా ఉండే ఉంటారు. ఎవరైనా రాస్తే నేను చెప్పనా? రంజాన్‌కు వస్తాను, అమ్మకు నచ్చే షీర్ ఖుర్మా నా చేతులతో చేసి పెడతాను.

వజీర


అచ్చంపేట,
మహబూబ్‌నగర్ జిల్లా,
9 నవంబరు 1998

చెల్లె వజీరకు,

ఈ ఉత్తరం ఊరి నుంచి కాదు. అడవి పక్క గూడేల్లో మలేరియా జ్వరాలు ఎక్కువైతే మమ్మల్ని పక్షం రోజులు ఇక్కడ క్యాంపుకు వేశారు. అమ్మను నాగులమ్మ చూసుకుంటున్నది. నా పెళ్లానికి అత్తతో పడదని నువ్వు నవ్వేదానివి కదా, ఇప్పుడు పడుతున్నది. అమ్మ పోట్లాడటం మానేసింది. అదే నాకు భయంగా ఉంది.

క్యాంపులో నిర్మలమ్మ అనే డాక్టరమ్మ ఉంది. మాటల్లో అమ్మ సంగతి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి నన్ను కూర్చోబెట్టింది. పాదాలు మొద్దుబారడం అంటే వెన్నుపూసల్లో ఎముక పెరిగి లోపలి నరాన్ని నొక్కుతున్నదట. పట్నంలో పెద్ద దవాఖానలో వెన్నుకు ఆపరేషన్ చేసి ఆ నొక్కుడు తీస్తారట. "కాళ్లు పడిపోక ముందు చేయిస్తెనే గుణం. పడిపోయినంక దేవుడొచ్చినా లేపలేడు. ఆలస్యం చెయ్యకు తమ్మీ" అన్నది. ఫోను నంబరు కూడా రాసి ఇచ్చింది.

ఫోను బూతు నుంచి ఊళ్లో కిరాణా కొట్టుకు చేసి అమ్మను పిలిపించాను. "వజీరను అడుగు. గా పిల్ల నా ఎముకల లెక్కలు సదివింది. ఆమె పొమ్మంటె పోదాం" అన్నది.

అందుకే అడుగుతున్నాను. నీ కంప్యూటర్ ఏం చెబుతున్నది? అమ్మ కాళ్లు పడిపోతాయా? పడిపోయేట్టుంటే ఎప్పటికి? సెలవు దొరుకుతుంది, పైసలకు గొర్రెలున్నాయి. నువ్వు ఊఁ అంటే చాలు, వచ్చే సోమవారమే బండెక్కిస్తాను.

నీ అన్న,
ఇస్రాయేలు


హైదరాబాదు,
2 డిసెంబరు 1998

ఇస్రాయేలన్నకు,

జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి.

క్యాంపు డాక్టర్లు ఒక్క రోగిని చూస్తారు, నేను అరవై ఒక్కరిని చూస్తున్నాను. అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. ఆ ఎముకలు బయటికి గట్టిగా ఉంటాయి, లోపల సుద్దముక్కలు. మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టి వెన్ను కోస్తే బల్ల మీది నుంచి లేస్తుందని ఎవరూ రాసివ్వలేరు. రేపు ఏమైనా అయితే, గొర్రెలను అమ్మి తల్లిని చంపుకున్నాడని ఊరంతా నిన్నే అంటుంది. తొందరపడకు. ఆగస్టు దాటనివ్వు, నేనే దగ్గరుండి పెద్ద డాక్టరుకు చూపిస్తాను.

కాళ్లు ఎప్పుడు పడిపోతాయి అని అడిగావు. కంప్యూటర్ జాతకాలు చెప్పదు అన్నా.

పదమూడు వందల పది. అమ్మకు చెప్పు. ఫారాలు మాత్రం ఆపవద్దు. రంజాన్‌కు సెలవు దొరికేట్టు లేదు.

వజీర


మర్రిగూడ,
16 జూన్ 1999

చెల్లె వజీరకు,

నువ్వు రంజాన్‌కు రాలేదు, బక్రీదుకు రాలేదు. అమ్మ ఏమీ అనుకోలేదు. నీ ఉద్యోగం కోసం ఆదివారం చర్చిలో ఒక ప్రార్థన, మీ దర్గా దగ్గర ఒక కొబ్బరికాయ, రెండూ చేయించింది. ఎటు నుంచి వచ్చినా సరే అట.

నువ్వు చెప్పినట్టే ఎక్కడికీ తీసుకుపోలేదు. అమ్మ బాగుంది. ఏప్రిల్, మే, జూన్ ఫారాలు మూడూ ఇందులో పెట్టాను. నలభై ఆరు అడుగులు, అయిదు నిమిషాలు. పుల్ల తగిలితే తెలుస్తున్నది.

గోడ మీద 1,310 పాతబడింది. కొత్త అంకె రాయి, అమ్మ అడుగుతున్నది.

ఇస్రాయేలు


హైదరాబాదు,
19 జులై 1999

ఇస్రాయేలుకు,

నీ ఫారాలు మళ్లీ మళ్లీ చూశాను. మిగతా వాళ్లందరి అంకెలూ లెక్కకు సరిపోయాయి. పదిహేడు ఒక్కటే తప్పింది. ఫోటో పెట్టిందీ పదిహేడుదే, అందరూ అడిగేదీ పదిహేడునే. మొన్న మీటింగులో మా డైరెక్టరు ఆ కాగితం ఎత్తి పట్టుకుని, "మీ పేషెంటు మీ కంప్యూటర్ కంటే ఆరోగ్యంగా ఉందే" అన్నారు. పన్నెండుమంది నవ్వారు. ఆ నవ్వు నీకు వినిపించి ఉంటే బాగుండేది.

నువ్వు నిజంగా కొలుస్తున్నావా? లేక ఎండ ఎక్కువగా ఉందని గోడ మీద తారీఖు వేసినట్టు వేస్తున్నావా? ఆ పని నీకు అలవాటేనని నువ్వే రాశావు. నీకు సర్కారు కొలువుంది, తప్పుడు తారీఖులు వేసినా ఒకటో తారీఖున జీతం వస్తుంది. నాకు అట్లా కాదు. పది పాసై మలేరియా మందు చల్లేవాడి చేతిలో నా బతుకు పెట్టడం నాదే పొరపాటు.

ఆగస్టు 28న ఇంటర్వ్యూ. అంతకు ముందు సరిగ్గా కొలిచి పంపు.

వజీర


నల్లగొండ,
7 ఆగస్టు 1999

వజీరకు,

ఇది నల్లగొండ బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లెక్కకు సరిపోలేదన్నావు. ఆ లెక్క ఏమిటో నాకెప్పుడూ చెప్పలేదు. అందుకే చూద్దామని వచ్చాను. గడియారం సెంటరు దగ్గర ఖమర్ అనే ఆయన కొత్తగా ఇంటర్నెట్ దుకాణం పెట్టాడు. గంటకు అరవై రూపాయలు. మంచివాడు, నాకు ఇంగ్లీషు తడబడితే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని అర్థం చెప్పాడు.

మొదట అమ్మ వీపు కనిపించింది. పై నుంచి కిందికి మెల్లగా దిగింది. కింద నీ అంకెల పెట్టె. రెండు వేల నలభై ఆరు. ఆ నలభై ఆరోవాణ్ని నేనే. ఖమర్ ఏదో మీట నొక్కితే పేజీ పోయి మళ్లీ వచ్చింది. రెండు వేల నలభై ఏడు. ఇంకోసారి నొక్కమన్నాను. ఇంకోసారి. ఏడుసార్లు నొక్కాక ఆయన నవ్వి, "భయ్యా, గిట్ల వత్తుకుంట కూసుంటె పొద్దుమూకె వరకు లచ్చ జేస్త" అన్నాడు. మా దశరథం సారు గోడే ఇది. ఈ అంకెను మా అమ్మ ఏడాదిగా గోడ మీద చూస్తున్నది.

తర్వాత పట్టిక తెరిచాడు. ఒకటి నుంచి అరవై ఒకటి దాకా నంబర్లు. పదిహేడో నంబరు ఎదురుగా ఏముందో ఆయన మొదట చదవలేదు. ఆమె నీకేమైతదని అడిగాడు. మా అమ్మ అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి చదివాడు. "రెండు కాళ్లూ పడిపోవడానికి మిగిలిన కాలం: పదకొండు నెలలు. మే 1999." పేజీ కింద తారీఖు కూడా ఉంది, 15 జూన్ 1998. నువ్వు నాకు మొదటి ఉత్తరం రాయడానికి అయిదు రోజుల ముందు.

కంప్యూటర్ జాతకాలు చెప్పదన్నావు.

జపాన్ వాడికి చెప్పావు. డైరెక్టరుకు చెప్పావు. లోకంలో ఎవడు అడిగినా అడగకపోయినా చెప్పావు. బండి కట్టుకుని సిద్ధంగా ఉన్న నాకు చెప్పలేదు. ఆపరేషన్ చేయిస్తే కాళ్లు నిలుస్తాయేమో, నిలిస్తే నీ లెక్క తప్పుతుంది. అదే కదా?

ఇక నా మోసం విను. నీ లెక్క తప్పలేదు వజీరా. మే నెలలోనే పడిపోయింది. పొద్దున నీళ్లకు లేచి గడప దగ్గర కూలబడింది. మోకాళ్ల కింద తనకేమీ లేనట్టే ఉందన్నది. నేను చీపురుపుల్లతో కాదు, నిప్పుపుల్లతో చూశాను. తెలియలేదు. ఆ వారమే పట్నం దవాఖానకు తీసుకుపోయాం. ఆర్నెల్ల ముందు ఎందుకు తీసుకురాలేదని డాక్టరు నన్ను అందరి ముందూ తిట్టాడు. నేను తలొంచుకుని నిలబడ్డాను. నీ పేరు చెప్పలేదు.

నీ కార్యాలయానికి అక్కడి నుంచి రెండు బస్సు స్టాపులే. వజీరను పిలుచుకొస్తానంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దురా. పిల్లకు పరీక్ష ముంగటున్నది. నా కాళ్ల సంగతి ఎరికైతె ఫికర్ పడ్తది. ఎప్పటి తీరే నడుస్తున్నదని రాయి." రాశాను. జూన్ ఫారం, ఆమె మంచం మీద, ఆమె పాదాల పక్కన కూర్చునే రాశాను. నలభై ఆరు అడుగులు అని. నాకు అలవాటైన పనే అన్నావు. అవును.

నిన్ను కాపాడటానికి ఆమె అబద్ధం చెప్పించింది. ఆ అబద్ధం నీ లెక్కనే చెడగొట్టింది. తెలిసి చేసిన పని కాదు. తెలిసి ఉంటే నేనింకా ముందే చేసేవాణ్ని.

ఇస్రాయేలు


హైదరాబాదు,
2 సెప్టెంబరు 1999

ఇస్రాయేలన్నకు,

ఎన్నిసార్లు రాసి చింపానో తెలియదు. అన్నా అని పిలిచే ముఖం లేదు, అయినా పిలుస్తున్నాను.

నువ్వు రాసిందంతా నిజం. ఆ పదకొండు నెలలు కంప్యూటర్ మీద కనిపించిన రోజు నేను భోజనం చేయలేదు. ఊరికి రావాలని సంచి కూడా సర్దుకున్నాను. మరునాడు డైరెక్టరు ఆ పట్టిక చూసి, "ఇది నిజమైతే నీకు తిరుగులేదు" అన్నారు. సంచి విప్పేశాను. ఆపరేషన్ చేసినా సగంమందికి గుణం ఉండదని పుస్తకాల్లో వెతికి వెతికి, ఆ సగంలోనే అమ్మ ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మిగతా సగం గురించి చదవడం మానేశాను.

అంకె సంగతి కూడా చెబుతాను. మా ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లున్నాయి. పొద్దున ఆన్ చేయగానే మొదట నా పేజీయే వచ్చేట్టు అన్నిటిలోనూ నేనే పెట్టాను. జపాన్ నుంచి చూసినవాడు ఒక్కడే, నిమిషం కూడా ఉండలేదు. పరిశోధన మొత్తం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే నువ్వూ ఆ ఖమరూ మాత్రమే.

అమ్మ దగ్గరికి వచ్చి కాళ్ల మీద పడాలని ఉంది. రాత్రిళ్లు నిద్ర లేదు. అమ్మీకి చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఆమెకు అన్నం పెడితే తింటున్నది, నా వైపు చూడటం లేదు.

ఇంకొక్క మాట. ఇది రాయకూడదు, రాస్తున్నాను. ఇంటర్వ్యూ సెప్టెంబరు 30కి వాయిదా పడింది. ఎటూ జరగాల్సిన నష్టం జరిగిపోయింది. నిజమైన తారీఖు ఫారంలో వేసి, అమ్మ వేలిముద్రతో, కొలిచినవాడి సంతకంతో పంపితే లెక్క సరైనదని తేలుతుంది. అప్పుడు ఇదంతా ఊరికే పోయినట్టు కాదు. మిగతా ఊళ్లకైనా పనికొస్తుంది. ఖాళీ ఫారం ఇందులో పెట్టాను. తిరుగు టపా కవరు మీద స్టాంపు అంటించాను.

నీ చెల్లెలు,
వజీర


మర్రిగూడ,
12 సెప్టెంబరు 1999

వజీరకు,

నీ ఉత్తరం నా కోసం రాశావు, కానీ నేను అమ్మకు పైకి చదివి వినిపించాను. ఒక్క వాక్యం వదల్లేదు. నా ఆగస్టు ఉత్తరంలో ఏముందో కూడా చెప్పాను. ఇంతకాలం నువ్వు పనిలో పడి రాలేకపోతున్నావనే అనుకుంటున్నది. ఇక తెలియాలి అనిపించింది. కొడుకుగా అది నా పంతం, మంచి పని అని చెప్పను.

కళ్లు మూసుకుని విన్నది. సంచి విప్పేశావన్న దగ్గర మళ్లీ చదవమన్నది. చదివాను. పన్నెండు కంప్యూటర్ల సంగతి విని గోడ వైపు చూసి, "అంటె ఎవ్వలు సూడలేదా?" అని అడిగింది. లేదన్నాను. తడిగుడ్డ తెచ్చి ఆ అంకె తుడిచేయమన్నది. బొగ్గు కదా, పూర్తిగా పోలేదు.

కవరులోంచి ఖాళీ ఫారం బయటికి తీశాను. దాన్ని ఆమె కళ్ల ముందే చింపి పొయ్యిలో వేద్దామని తీశాను. నాగులమ్మ అగ్గిపెట్టె కూడా ఇచ్చింది. అమ్మ చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఇప్పుడు మోచేతి దగ్గర తిన్నగా రాదు, ఎంత వచ్చిందో అంత చాపింది.

"చింపకురా. పాలకు ఏడ్చిననాడు పాలు లేవనలేదు. తారీఖు అడిగితె లేదంటమా? రాసియ్యి" అన్నది.

రాసిచ్చాను. 9 మే 1999, ఆదివారం, పొద్దున ఆరు గంటలకు. అడుగులు: సున్న. నిమిషాలు: సున్న. స్పర్శ: లేదు. వేలిముద్ర ఆమెదే, బొటనవేలు నేను పట్టుకుని వేయించాను. కొలిచినవాడి సంతకం నాది. ఈసారి సరిగ్గా కొలిచాను.

స్టాంపు అంటించిన కవరు తిరిగి పంపుతున్నాను. ఫారం నా పైసలతో కొన్న కవరులోనే వస్తుంది. నువ్వు రావద్దు. వస్తే ఆమె నిన్ను దగ్గరికి తీసుకుంటుంది, అది నేను చూడలేను.

ఇట్లు,
పదిహేడో నంబరు కొడుకు,
ఇస్రాయేలు